రాయికి పాకుడు పట్టించడం: అక్వేరియంలో వాగు అడుగు తయారీ

అక్వేరియం షాపుల్లో పాచి పోగొట్టే మందులు వరసగా పేర్చి ఉంటాయి. పాచి పట్టించే మందు ఒక్కటీ ఉండదు. కొత్త ట్యాంకులో కడిగి తుడిచి పెట్టిన రాళ్లు ఎంత ఖరీదైనవైనా షోకేసులో బొమ్మల్లా కనిపించడానికి కారణం ఆ పాచి లేకపోవడమే. వాగులో రాయి అలా ఉండదు. పారే నీళ్లలోంచి పిడికెడు రాయి ఒకటి ఎత్తి చూడండి. ఎండ తగిలే పైభాగం మఖమల్ గుడ్డలా పచ్చగా ఉంటుంది. నీళ్లు వెళ్లే వైపు అంచున అంగుళం పొడవు దారాలు ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకుని ఉంటాయి. ఇసుకను ఆనుకున్న చోట, ఇసుక రాపిడికి పాకుడు నిలవక, చుట్టూ వేలెడు పట్టీ బోడిగా ఉంటుంది. అడుగుభాగం శుభ్రం. ట్యాంకులో తెప్పించాల్సింది ఈ తేడానే. రాయంతా పచ్చరంగు పూసినట్టు ఉంటే అదీ బొమ్మే.

ముందు మాటల సంగతి. నాచు, పాచి, పాకుడు అని మనం కలిపి వాడేస్తాం. షాపుకెళ్లి నాచు అని అడిగితే జావా మాస్ చేతిలో పెడతారు. అది మొక్క, దాని పెంపకం వేరు. జపాన్ మరిమో బంతి మాత్రం నిజంగా ఆల్గేనే, అంటే పాచి జాతే, కానీ అది రాయిని పట్టుకోదు, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఇక్కడ చెప్పేది కాలు జారే రకం గురించి, కోనేటి మెట్ల మీద ఉండేది. అందుకే పాకుడు అనే అంటున్నాం.

అసలు కిటుకు ఒక్కటే. పాకుడును ట్యాంకులో పెంచకండి. బయట తొట్టిలో పెంచి, పట్టిన రాళ్లను లోపలికి తెండి. ట్యాంకులోనే పెంచాలని రోజుకు 14 గంటలు లైటు వేసి, ఎరువు పోస్తే పాకుడు రాయి కంటే ముందు అద్దానికి పడుతుంది, లేదా నీళ్లే పచ్చబడిపోతాయి. భీమవరం వైపు చెరువు రైతులు ఎరువు వేసి నీళ్లకు రంగు తెప్పిస్తారు చూడండి, సరిగ్గా అదే జరుగుతుంది. అక్కడ ఆ రంగే చేపకు మేత. ఇక్కడ ఆ రంగు వస్తే లోపల ఏముందో కనపడదు.

రాళ్లు

కింది లెక్కలన్నీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకుకు. నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక పోగా 45–48 లీటర్ల నీళ్లు మిగులుతాయి. దీనికి పిడికెడు నుంచి కొబ్బరికాయంత వరకు 10–12 రాళ్లు చాలు. తొట్టిలో అంతకు రెట్టింపు పెట్టండి, ఎందుకో చివర్లో చెప్తాం.

పాకుడుకు గరుకు కావాలి. గ్రానైటు కోసే చోట పడేసే ముక్కల్లో పాలిష్ లేని వైపు బాగా పనికొస్తుంది. పాత ఇంటి బంగళా పెంకు ముక్కలు అన్నిటికంటే త్వరగా పడతాయి. కాల్చిన మట్టి నీళ్లు పీల్చుకుంటుంది, దాని సన్న రంధ్రాల్లో పాకుడు వేళ్లూనినట్టు పట్టుకుంటుంది. గుండ్రటి నున్నని ఏటి రాళ్లు చూడ్డానికి బావుంటాయి గానీ వాటి మీద దారాలు నిలవడానికి రెండింతల కాలం పడుతుంది.

కడప బండ, తాండూరు నాపరాయి రెండూ సున్నపురాళ్లే. నీళ్లను ఇంకాస్త గట్టి నీళ్లుగా, అంటే సున్నం ఎక్కువున్న నీళ్లుగా మారుస్తాయి, పీహెచ్‌ను పైకి లాగుతాయి. తెలియని రాయి దొరికితే బాత్‌రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయండి, గ్లవ్స్ తొడుక్కుని, ఆరుబయట. నురగ పొంగితే సున్నం ఉన్నట్టు. బోరు నీళ్లే వాడేవాళ్లకు, ఆఫ్రికా మలావీ సరస్సు చేపలు పెంచేవాళ్లకు అదేం ఇబ్బంది కాదు. మెత్తటి నీళ్ల చేపలు కావాలంటే ఆ రాయి వదిలేయండి.

అభయారణ్యంలోని వాగుల నుంచి రాళ్లు తేవద్దు. మిగతా చోట్ల నుంచి తెచ్చినా బ్రష్షుతో రుద్ది, ఎండలో వారం ఎండబెట్టి వాడండి. వాగులో ఉన్న పాకుడుతో సహా తెచ్చేస్తే పని తేలిక కదా అనిపిస్తుంది. దాంతోపాటు జలగలు, తూనీగ లార్వాలు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పురుగుమందు కూడా వస్తాయి. ఒక్క తూనీగ లార్వా చిన్న చేపల్ని రోజుకొకటి చొప్పున మాయం చేయగలదు.

మేడ మీద తొట్టి

రాళ్లు, ఇసుక పోగా 30 లీటర్ల నీళ్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు, తెల్లదైతే మంచిది, లోపల ఏం జరుగుతోందో కనపడుతుంది. నల్ల టబ్బు ఎండకు వేడెక్కిపోతుంది. రాళ్లను ట్యాంకులో ఏ వైపు పైకి ఉండాలో అదే వైపు పైకి పెట్టి పేర్చండి. అడుగున అంగుళం మందం ఇసుక పోసి రాళ్లను కొద్దిగా అందులో దించితే ఆ బోడి పట్టీ దానంతటదే వస్తుంది. రాళ్ల మీద నాలుగంగుళాలకు మించి నీళ్లు వద్దు. గంటకు 300 లీటర్లు తిప్పే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు ఒక మూల పెట్టి నీళ్లు ఒకే దిక్కుకు తిరిగేలా చేయండి. దారాలు పడుకునే దిక్కు దాన్ని బట్టే ఉంటుంది. వైరు ప్లగ్గు వైపు వెళ్లేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, లేకపోతే వైరు వెంట జారిన నీటిచుక్క నేరుగా ప్లగ్గులోకి పోతుంది. ప్లగ్గు మీద వాన పడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

విత్తనం కావాలి. ఎవరిదైనా ఆరోగ్యంగా ఉన్న అక్వేరియం వెనక అద్దం మీద గీకిన పచ్చ పొర ఒక చెంచాడు, ఫిల్టరు స్పాంజి పిండిన నీళ్లు ఒక లీటరు చాలు. ఏమీ దొరక్కపోయినా పడుతుంది, గాలిలోనే వస్తుంది, కాకపోతే రెండు వారాలు ఆలస్యం.

మేత విషయంలో సులువైన దారి: ఇంట్లో ఇంకో ట్యాంకు ఉంటే వారం వారం దాంట్లోంచి తీసే పాత నీళ్లే ఇందులో పోయండి. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ అందులోనే ఉంటాయి. లేకపోతే ఎరువుల షాపులో డ్రిప్పుకు వాడే నీటిలో కరిగే రకాలు రెండు తెచ్చుకోండి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేటు. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేటు. మొదటిది 50 గ్రాములు అర లీటరు నీళ్లలో, రెండోది 5 గ్రాములు ఇంకో అర లీటరు నీళ్లలో కలిపి, సీసాల మీద పేర్లు రాసి, పిల్లలకు అందకుండా పెట్టుకోండి. 30 లీటర్ల నీళ్లున్న తొట్టికి వారానికి మొదటి సీసా నుంచి 10 మిల్లీలీటర్లు, రెండో దాన్నుంచి 5 మిల్లీలీటర్లు. అంటే నైట్రేటు సుమారు 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఫాస్ఫేటు 1 పీపీఎం పైచిలుకు.

యూరియా, డీఏపీ, 19-19-19 జోలికి పోవద్దు. వాటిలోని నత్రజని చాలావరకు యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 దాటిన బోరు నీళ్లలో అమ్మోనియా చేపల్ని చంపేస్తుంది. తొట్టిలో చేపలు లేవు కదా అనుకున్నా, అమ్మోనియా ఎక్కువైతే ముందు వచ్చేది పచ్చనీళ్లే.

ఎండ గురించి. కార్తీకం నుంచి మాఘం దాకా నేరుగా ఎండలో పెట్టొచ్చు, అదే అసలైన సీజను. ఏప్రిల్, మే నెలల్లో లోతు లేని నీళ్లు మధ్యాహ్నానికి సలసల కాగినట్టవుతాయి, మంచి పాకుడు చచ్చి దాని చోట నీలిపచ్చ జిగురు వస్తుంది. ఆ రెండు నెలలూ 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా పొద్దున ఎండ మాత్రమే తగిలే గోడ పక్కకు జరపండి. ఆవిరైన నీళ్లకు బదులు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుని నీటి అంచున రాళ్లకు తెల్ల చార కడుతుంది. ఆవిరైనంత మేరకు వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ పోయండి.

ఇక దోమలు. మేడ మీద కదలని నీళ్లంటే డెంగీ దోమకు పుట్టిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. టబ్బు మీద దోమతెర గుడ్డ బిగించి అంచు చుట్టూ ఎలాస్టిక్ వేయండి, ఆరో రోజో ఏడో రోజో నీళ్లు పూర్తిగా మార్చేయండి. నీళ్లు మారిస్తే పాకుడు పోదు. పట్టుకున్నది పట్టుకునే ఉంటుంది, తేలేది మాత్రమే పోతుంది. ఆ లెక్కన వారానికోసారి నీళ్లు పారబోయడమే పచ్చనీళ్లకు కూడా మందు.

మొదటి వారం రాయి మీద ఏమీ కనపడదు, వేలితో రాస్తే మాత్రం జారుతుంది. రెండో వారం బెల్లం రంగు పొర వస్తుంది. అవి డయాటంలనే సూక్ష్మమైన ఆల్గేలు, నీళ్లలో కరిగిన సిలికాతో పెంకు కట్టుకుని పెరుగుతాయి. ఇక్కడే చాలామంది కంగారుపడి రాళ్లు కడిగేస్తారు. కడగొద్దు, ఆ పొర మీదే తర్వాతిది ఎక్కుతుంది. మూడు, నాలుగు వారాల్లో పచ్చ పొర. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పొట్టి దారాలు. అంతకు మించి పొడవు అక్కర్లేదు.

లోపలికి తేవడం

ఎండలో పెరిగిన పాకుడు ఒక్కసారిగా ఎల్‌ఈడీ కిందికొస్తే తట్టుకోలేదు. దారాలు తెల్లబడి, రాలి, కుళ్లుతాయి. కుళ్లిందంతా అమ్మోనియా. అందుకని ఆఖరి వారం పది రోజులు తొట్టిని నీడలోకి జరపండి. ఎక్కువ పొడవున్నవి అక్కడే రాలిపోతాయి. మిగిలిందే ట్యాంకులో బతికేది.

తెచ్చే రోజు ప్రతి రాయినీ క్లోరిన్ లేని నీళ్లున్న బకెట్లో గట్టిగా అటూ ఇటూ ఊపి, అరగంట ఉంచి, మళ్లీ ఊపండి. పురుగు ఏదైనా ఉంటే అడుగుకు పడుతుంది. రాయిని పొడిగా తీసుకురావద్దు, నీళ్లలోనే మోయండి. ఒకేసారి మొత్తం పెట్టకుండా మొదట మూడు నాలుగు రాళ్లు పెట్టి వారం ఆగండి. చేపలున్న ట్యాంకైతే మూడో రోజు అమ్మోనియా, నైట్రైటు టెస్టు చేయండి, రెండూ సున్నా ఉండాలి. మొదటి పది రోజుల్లో లేతాకుపచ్చ కాస్తా ముదురు రంగుకు తిరుగుతుంది. తక్కువ వెలుతురుకు పాకుడు సర్దుకుంటోందని అర్థం.

అమరికలో ఒక్క మాట. పాకుడు పట్టిన రాయి పక్కనే కొత్త రాయి పెడితే రెండూ అతికించినట్టు కనపడతాయి. కొత్తవి పెట్టక తప్పకపోతే వెనక, నీడలో పెట్టండి. వాగులోనూ నీడలో ఉన్న రాయి బోడిగానే ఉంటుంది.

వెలుతురు, ప్రవాహం, మేత

అడుగు లోతు ట్యాంకుకు 15–20 వాట్ల ఎల్‌ఈడీ, 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు), రోజుకు 8 గంటలు. టైమర్ తప్పనిసరి. చేత్తో వేసి ఆర్పేవాళ్లకు ఒకరోజు ఆరు గంటలు, ఇంకోరోజు పన్నెండు గంటలు అవుతుంది. దాంతో పెరిగేది అద్దం మీద పాకుడే. సాయంత్రం చూసుకోవాలనుకుంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా పెట్టుకోండి.

పంపు గంటకు 500–600 లీటర్లు తిప్పాలి. ప్రవాహం ఉన్నచోట పట్టుకునే రకాలు గెలుస్తాయి, నిలవ నీళ్లలో తేలేవి, జిగురు రకాలు గెలుస్తాయి. పంపు నీళ్లు పీల్చే మూతికి స్పాంజి ముక్క తొడగండి, లేకపోతే తెగిన దారాలు వెళ్లి ఇంపెల్లరుకు, అంటే లోపల తిరిగే రెక్కలకు, జుట్టులా చుట్టుకుంటాయి.

చేపలున్న ట్యాంకుకు సాధారణంగా ఎరువు అక్కర్లేదు, వాటి వ్యర్థమే చాలు. నైట్రేటు 10–20 పీపీఎం మధ్య ఉంటే కదపొద్దు. టెస్టులో సున్నా చూపిస్తేనే పైన చెప్పిన మొదటి సీసా నుంచి 10 మిల్లీలీటర్లు వేయండి, 48 లీటర్లకు దాదాపు 13 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేటు లేకపోతే రెండో దాన్నుంచి 5 మిల్లీలీటర్లు. వారానికి నాలుగోవంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేశాకే. ఏదైనా మార్చాలనుకుంటే ఒక్కటే మార్చి రెండు వారాలు చూడండి. లైటు, ఎరువు, పంపు ఒకేరోజు మార్చినవాళ్లకు ఏది దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

ముందు అద్దం వారానికోసారి పాత ఏటీఎం కార్డుతో గీకండి. వెనక అద్దం, పక్క అద్దాలు వదిలేయండి. మూడు వైపులా పచ్చ, ఒక్కవైపు తళతళ. అప్పుడే లోతు కనపడుతుంది. అక్రిలిక్ ట్యాంకైతే కార్డు, బ్లేడు రెండూ వద్దు, మెత్తటి స్పాంజి చాలు.

దారాలు అంగుళం దాటితే పాత టూత్‌బ్రష్ ముంచి కవ్వంలా తిప్పండి, నూలు చుట్టుకున్నట్టు వచ్చేస్తాయి. కుదుళ్లు రాయి మీదే ఉంటాయి, మళ్లీ వస్తాయి.

ఎక్కడ చెడుతుంది

నీలిపచ్చ జిగురు అన్నిటికంటే తలనొప్పి. వేలు పెట్టి లాగితే దుప్పటిలా మొత్తం ఊడొస్తుంది, తడి మట్టి ముక్కిన వాసన వేస్తుంది. అది పాకుడు కాదు, సయనోబాక్టీరియా అనే బ్యాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో, మేత మిగిలి కుళ్లినచోట, నైట్రేటు పూర్తిగా అయిపోయినప్పుడు వస్తుంది. సైఫన్‌తో దొరికినంతా లాగేయండి, పంపు నీళ్లు వదిలే మూతి ఆ మూలకు తిప్పండి, మూడు రోజులు లైటు ఆపి ట్యాంకుకు దుప్పటి కప్పండి, గాలి పంపు మాత్రం ఆపొద్దు. తర్వాత మూడోవంతు నీళ్లు మార్చి నైట్రేటు చూసుకోండి. మంచి పాకుడు మూడు రోజుల చీకటికి పాలిపోతుంది గానీ చావదు.

నల్లగడ్డం పాచి రాళ్ల అంచుల మీద, చెక్కల మీద నల్లటి కుచ్చులుగా వస్తుంది. పేరుకు నల్లదే గానీ ఎర్ర ఆల్గేల జాతిది. మొక్కల ట్యాంకు వాళ్లకు ఇది శత్రువు. రాళ్ల ట్యాంకులో, ప్రవాహానికి ఎదురుగా ఉన్న ఒక చెక్క మీద మాత్రం ఉంటే అంత అందం ఇంకోటి లేదు. ఎక్కువైతే రాయి బయటకు తీసి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్రష్షుతో రాసి ఐదు నిమిషాలు ఆగి కడిగేయండి. రెండు మూడు రోజుల్లో గులాబీ రంగుకు తిరిగిందంటే పోయినట్టే.

అద్దం మీద గట్టి పచ్చ చుక్కలు వస్తే చాలాసార్లు ఫాస్ఫేటు తక్కువైందని. అద్దం మీదవి బ్లేడుకు తప్ప రావు. రాయి మీద అవే చుక్కలు పాతకాలపు మెరుగు ఇస్తాయి, వదిలేయండి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలడం లేదు. పాకుడు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. రొయ్యల చెరువుల్లో రాత్రి ఏరియేటర్లు తిప్పేది అందుకే. రాత్రంతా గాలి పంపు ఉంచండి. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

చేపకు జబ్బు చేస్తే మందు వేరే టబ్బులో వేయండి. రాగి కలిసిన మందు ఒక్క డోసు రెండు నెలల పాకుడును తుడిచేస్తుంది.

మేసేవాళ్లు

జీబ్రా డానియోలనే చిన్న చేపలు ఎనిమిది ఈ ట్యాంకుకు సరిపోతాయి. ప్రవాహంలో ఈదడం వాటికి ఇష్టం, పాకుడును పెద్దగా ముట్టవు. నెరైట్ నత్తలు రాయిని అద్దంలా నాకేస్తాయి, పైగా మంచినీళ్లలో పొదగని తెల్ల గుడ్లు చుక్కలు చుక్కలుగా అంటించి పోతాయి. ఒక్కటి కూడా వద్దు. షాపువాళ్లు పాచి తింటుందని అంటగట్టే ప్లెకో చేప అడుగు పొడవు దాటి పెరుగుతుంది, ఇది దాని ఇల్లు కాదు. పాచి మేసే చిన్న చేపలు ఓటోసింక్లస్‌లు, అమానో రొయ్యలు కావాలంటే పాకుడు పూర్తిగా స్థిరపడ్డాక, అంటే మూడు నెలల తర్వాత, రెండు మూడే వేయండి.

మలావీ సరస్సు ఎంబూనా చేపల సంగతి వేరు. అక్కడ రాళ్ల మీది పాకుడు, అందులో ఉండే సూక్ష్మజీవులే వాటి తిండి. నాలుగడుగుల ట్యాంకులో వాటి గుంపు పెడితే వారంలో రాళ్లు బోడి. తొట్టిలో రెట్టింపు రాళ్లు పెట్టమన్నది అందుకే. సగం ట్యాంకులో, సగం మేడ మీద. బోడి అయిన రాయి పైకి, పచ్చ రాయి కిందికి. పైకి వెళ్లిన రాయిని కడగకుండా అలాగే తొట్టిలో వేస్తే దాని గరుకులో మిగిలిన కుదుళ్ల నుంచి మళ్లీ పచ్చబడుతుంది, రెండోసారి ఎనిమిది వారాలు అక్కర్లేదు, చలికాలమైతే మూడు వారాలు చాలు. ఏ రాయి ఎప్పుడు వెళ్లిందో గుర్తుండాలంటే రాళ్ల అడుగున పెన్సిలుతో అంకె వేయండి. మార్కరు సిరా వద్దు.